ఎదురుగాలిలోంచి గాలి తీసేస్తే

ముందుగా ఒక మనవి. నా రాతలో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు పొట్టివైనా పెద్దమనసుతో సర్దుకుని చదువుకోండి. అక్షరాలు నా దగ్గరికి యాభై దాటాక వచ్చాయి. తీరిగ్గా వచ్చినవి కాబట్టి కాగితం మీదికి దిగడానికీ తీరిక అడుగుతాయి. ఇంత చిన్న కథకు ఒక వానాకాలం పట్టింది. ఒక మాట రాసి పక్కమాట మింగేసే అలవాటు కూడా నాకుంది. మింగిన మాట ఎంత పని చేస్తుందో ఈ కథలో మీరే చూస్తారు కనక, ఈసారి వేలు పెట్టి చూసుకుంటూ రాశాను.

కంకిపూడి నుంచి రాళ్లమిట్టకు విమానంలో వెళితే గంట. రాళ్లమిట్ట నుంచి కంకిపూడికి తిరిగి వస్తే ముప్పావుగంట. దూరం మాత్రం ఒకటే. ఎటునుంచి కొలిచినా మూడువందల కిలోమీటర్లు. కంకిపూడి తూర్పున సముద్రం పక్కన ఉంది, రాళ్లమిట్ట పడమట మెట్ట మీద ఉంది. రెండూ చిన్న విమానాశ్రయాలే. కంకిపూడిలోనైతే మనుషులు కూర్చునే హాలు కంటే బయట ఆటోలు నిలిపే చోటు పెద్దది. రోజుకు ఒకటే విమానం, రెక్కలకు పంకాలు తిరిగే రకం. పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

ఆ విమానానికి రోజూ ఎదురు నిలబడే మనిషి నూకరత్నం.

ఆమె పని పిట్టలు తోలడం. విమానం లేచే వేళకు కొంగలో గోరింకలో అడ్డం వస్తే ప్రమాదం. అందుకని రన్‌వే చివర గడ్డిలో, నెత్తికి తుండు చుట్టుకుని, ఒక చేత్తో నూనెడబ్బా రేకు, ఒక చేత్తో కర్ర పట్టుకుని నిలబడేది. “హోయ్! హొహోయ్!” అని ఆమె ఒక్క కేక వేసి రేకు మోగిస్తే కంచె అవతలి చెరుకుతోట దాకా ఒక్క పిట్ట మిగిలేది కాదు. ఆ రన్‌వే కింద పోయిన పొలాల్లో వాళ్ల ఎకరంపావు చెక్క కూడా ఉంది. భూమి పోయిన ఇంటికో ఉద్యోగం అన్నారు కనక ఆ పని ముందు ఆమె భర్త సింహాద్రికి ఇచ్చారు, అతను పోయాక ఆమెకు ఇచ్చారు. ఒకప్పుడు జొన్నకంకుల మీంచి పిట్టలు తోలిన చోటే ఇప్పుడు విమానం మీంచి తోలుతోంది. పిట్టలకు తేడా తెలిసినట్టు లేదు.

సింహాద్రి పోయాక నూకరత్నానికి ఒక విద్య అబ్బింది. ఊళ్లో ఎవరైనా ప్రయాణమై గుమ్మం దిగుతుంటే, వాళ్ల కళ్లు తనను వెతక్కముందే గోడవారకు తప్పుకునేది. సొంత మేనకోడలిని కాపరానికి పంపేరోజున పెరట్లో, పేడకుప్ప పక్కన నిలబడి, బండి వెళ్లిన చప్పుడు విని లోపలికి వచ్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

ఇక్కడ మాత్రం బయల్దేరే విమానం నిండా మనుషులకు ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి కేకపెట్టడమే ఆమె కొలువు. కిటికీలోంచి ఏ పిల్లో చెయ్యూపితే ఆమె రేకు ఊపేది. తప్పుకోనవసరం లేని చోటు ఆమెకు భూమ్మీద అదొక్కటే.

ఇలా ఉండగా శాసనసభలో రాళ్లమిట్ట సభ్యుడు ఒకాయన లేచాడు.

“అధ్యక్షా! దూరం ఒకటే. పోవడానికి గంటా? రావడానికి ముప్పావుగంటా? మధ్యలో పావుగంటను ఎవరు తింటున్నారధ్యక్షా?”

సభ అట్టుడికిపోయింది. మర్నాడు పేపర్లన్నీ ‘ఆకాశంలో పావుగంట గల్లంతు’ అని రాశాయి. ప్రజల సమయాన్ని ప్రజలకు తిరిగి ఇప్పిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. మాట ఇచ్చాక సంఘం వేయక తప్పదు కనక ‘గమనాగమన కాల సమీకరణ సంఘం’ అని ఒకటి వేశారు. దానికి అధ్యక్షులు భువనగిరి దక్షిణామూర్తిగారు. అంతకుముందు చెరువుల లోతును జిల్లాలన్నిటికీ సమానం చేసే సంఘానికి అధ్యక్షులుగా ఉండి, ఆ పని కాకపోయినా నివేదిక సమర్పించిన ఘనులు.

ఆ ఏడు అచ్చతెలుగు సంవత్సరం కూడా. కచేరీల్లో ఒక్క ఇంగ్లీషు మాట దొర్లినా, దొర్లించిన ఉద్యోగి నిలబడి ఒక శతకపద్యం అప్పజెప్పాలని ఉత్తర్వు. కంకిపూడి విమానాశ్రయం మేనేజరు మండా ఉమామహేశ్వరం అప్పటికి రెండు శతకాలు పూర్తిచేసి మూడోది మొదలుపెట్టాడు. ఆయనను మేనేజరు అనకూడదు, నిర్వాహకుడనాలి. రన్‌వే ధావనపథమైంది. నూకరత్నం విహంగ నివారిణి అయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పావుగంట ఎందుకు ఎక్కువ పడుతోందో కారణం రాసి పంపమని ఉమామహేశ్వరానికి తాఖీదు వచ్చింది. ఆయన వెళ్లి విమానం నడిపే కెప్టెన్ ఫిరోజాను అడిగాడు.

“హెడ్‌విండ్ అండీ. ఈ రోజుల్లో పడమటిగాలి కదా, పోయేటప్పుడు మొహం మీద కొడుతుంది. వచ్చేటప్పుడు వీపు తట్టి పంపిస్తుంది. అంతే” అందామె.

ఆ మాటను ఆయన జాగ్రత్తగా తెలుగులో పెట్టి, ‘ఎదురుగాలి వల్ల’ అని రాసి పంపాడు. మర్నాడు దక్షిణామూర్తిగారు ఫోన్ చేశారు. అప్పుడు నూకరత్నం కొత్త రేకు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దాయన గొంతు ఫోన్లోంచి గదంతా వినిపిస్తోంది.

“ఏమయ్యా, గాలి ఏమిటయ్యా గాలి?”

“ఎదురుగాలి అండీ, ఆర్యా.”

“గాలి మాటలు, గాలి కబుర్లు, గాలి వెధవలు! ఇదా భాష? గౌరవ శాసనసభకు పోయే నివేదికలో గాలి ఉండటమా? తీసెయ్!”

“గాలి తీసేస్తే, ఆర్యా...”

“తీసేస్తే ఏమవుతుంది?”

“ఎదురు మిగుల్తుందండి.”

“మిగలనీ. సంక్షిప్తంగా ఉంటుంది.”

ఆ విధంగా ‘ఎదురు వల్ల విమానమునకు పావుగంట ఆలస్యమగుచున్నది’ అని నివేదిక సభకు చేరింది. సభ్యులు చదివి తలలూపారు. ఎదురంటే తెలియని తెలుగువాడెవడు? ఇంటినుంచి అడుగు బయట పెడుతుంటే ఎదురు సరిగా లేక కోర్టుపనులు చెడినవాళ్లు, సంబంధాలు తప్పినవాళ్లు, ఎన్నికలు ఓడినవాళ్లు ఆ సభలో అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఆ ఒక్క విషయంలో అధికారపక్షం, ప్రతిపక్షం ఏకగ్రీవమయ్యాయి. ఎదురొస్తున్నది ఎవరో తేల్చమన్నారు.

తేల్చడానికి సంఘం కంకిపూడి వచ్చి ప్రయాణికుల హాల్లో బల్లలు వేసుకుని కూర్చుంది. నూకరత్నాన్ని పిలిచారు. ఆమె రేకూ కర్రా గుమ్మం దగ్గర ఆనించి, తుండు విప్పి భుజాన వేసుకుని నిలబడింది.

“నీవు ప్రతిదినమూ విమానమునకు అభిముఖంగా నిలుచుట వాస్తవమేనా?” అన్నారు దక్షిణామూర్తిగారు.

“అభి... ఏటండి?”

“ఎదురుగా.”

“ఆయ్. ఎదురుగా నిలబడకపోతే పిట్ట ఎటెల్తందో ఎలా తెలుత్తాదండి?”

“భర్త ఏం చేస్తాడు?”

“ఏం చెయ్యడండి. పోయాడు. ఆరేళ్లయింది.”

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాసుకునే గుమాస్తా కలం ఎత్తి అధ్యక్షులవంక చూశాడు. దక్షిణామూర్తిగారు కళ్లు మూసుకుని, “రాయి. కారణం లభ్యమైనది” అన్నారు.

ఉమామహేశ్వరం నోరు తెరిచాడు. “ఆర్యా, అసలది గా...” అన్నాడు. సంఘం కొట్టేసిన మాటను సంఘం ముందే ఎత్తడం ధిక్కారమవుతుందని గుర్తొచ్చి, ఆ తెరిచిన నోటితో ఆవులించాడు.

నూకరత్నానికి సంగతి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, “విమానానిక్కూడా పట్టింపేనండీ బాబూ?” అంది.

“విమానానికి లేదమ్మా, అది యంత్రం” అన్నారు దక్షిణామూర్తిగారు ఎంతో దయగా. “మాకూ లేదు. మేము శాస్త్రీయ దృక్పథం కలవారం. పావుగంటకే ఉంది.”

ఆ పూటే ఆమెను రన్‌వే నుంచి తప్పించి సామాన్ల కొట్లోకి మార్చారు. అక్కడ పాత కుర్చీలు, విరిగిన తోపుడుబళ్లు ఉంటాయి. విమానం బయల్దేరే వేళకు ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకోవాలి. చప్పుడు పూర్తిగా పోయాక తీయాలి. జీతం మామూలే. “నీకు ఎండ తప్పింది” అన్నారు అందరూ. ఆమె ఆ చీకటికొట్లో కూర్చుని తన చెక్క మీంచి విమానం లేచిన చప్పుడు వినేది. మొదటిరోజు కోపం వచ్చింది. నాలుగోరోజుకు, ఏమో, నిజమేనేమో అనిపించడం మొదలైంది. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఊరికే అంటారా? కోపం కంటే ఆ అనుమానమే ఆమెను ఎక్కువ కొరికింది.

ఆమె చోటులో మంచి ఎదురు కావాలి కనక హాలు ఊడ్చే మంగాయమ్మను నిలబెట్టారు. మంగాయమ్మ నుదుట బొట్టు రూపాయికాసంత. ఆమె కొత్త హోదా ‘శుభాభిముఖి’. పట్టుచీర కట్టుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, నిండుబిందెతో విమానానికి ఎదురు నడవాలి.

అయితే లోపలికి వెళ్లే దారిలో తనిఖీ జవాన్లు బిందె ఆపేశారు. వంద మిల్లీలీటర్లకు మించి నీళ్లు లోపలికి పోకూడదని నియమం. నీళ్లు పారబోసి వెళ్లమన్నారు. ఖాళీబిందె ఎదురొస్తే విధవ ఎదురొచ్చినదానికన్నా అరిష్టం. సంఘానికీ తనిఖీశాఖకూ నడుమ ఉత్తరాలు నడిచాయి. చివరికి సరిగ్గా వంద మిల్లీలీటర్లు పట్టే బిందె ఒకటి కంసాలిచేత చేయించారు. అది మంగాయమ్మ చంకలో ఇమడక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడింది.

“ఇదేం బిందొదినా, చంటిపిల్లకి వామునీళ్లు పట్టినట్టుంది” అని ఆమె నూకరత్నం దగ్గర వాపోయింది.

ఇంకో చిక్కు మంగాయమ్మ మొగుడు. ముత్తైదువ అనడానికి ఆధారం కావాలి కదా. భర్త సజీవుడై ఉన్నట్టు ఏ రోజుకారోజు రుజువు చేయాలన్నారు. మంగాయమ్మ మొగుడు గంగరాజు చేసే పని ఇదీ అని ఎవరూ చెప్పలేరు. అలాంటివాడిని రోజూ పొద్దున్నే తెప్పించి, నిర్వాహకుడి ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి, ఊపిరి పీలుస్తున్నాడని చూసి సంతకం చేసేవారు. అందుకు అతనికి దినబత్తెం. హోదా ‘ఆధారభర్త’.

“ఇన్నాళ్లకి మా ఆయనకి తగిన ఉద్యోగం దొరికిందొదినా” అంది మంగాయమ్మ.

“ఏం చెయ్యాలంట?”

“బతికుండాలంట.”

నూకరత్నం చాలారోజుల తర్వాత నవ్వింది. “ఇదివరకు ఊరికే చేసేవాడు కదే పాపం” అంది.

ఇంత చేసినా విమానానికి గంటే పట్టింది. శ్రావణమాసం, పడమటిగాలి విరగబడి కొడుతోంది. దాని పేరెత్తకూడదు. సంఘం అత్యవసరంగా కూడి ఆలోచించింది. కంకిపూడిలో ఎదురు లేదు. ఐనా ఆలస్యముంది. కాబట్టి ఎదురు దారిలో ఉంది. మూడువందల కిలోమీటర్ల దారి పొడుగునా విమానం కింద ఎన్ని ఊళ్లు, ఎందరు నూకరత్నాలు! ఆ ఊళ్లన్నిటినీ ‘ఎదురు మండలం’గా ప్రకటించారు. విమానం బయల్దేరింది మొదలు దిగేదాకా భర్తలేని ఆడవాళ్లు ఇంటి కప్పుకింద ఉండాలని దండోరా వేయించారు. సంఘం శాస్త్రీయ దృక్పథం కలది కనక ఇది ఆజ్ఞ కాదు, ‘సవినయ సూచన’ అన్నారు. పాటించనివాళ్లకు రేషను మాత్రం సవినయంగా ఆగేది.

అవి నాట్ల రోజులు. వరిచేలల్లో దిగే ఆడవాళ్లలో సగం మంది ఆ బాపతే. లంకలపాడు అనే ఊరి ఆడవాళ్లు నారుకట్టలు నెత్తిన పెట్టుకుని నేరుగా తహసీల్దారు కచేరీకి వచ్చి గుమ్మంలో పడేశారు.

“మమ్మల్ని ఇళ్లల్లో కూకోమన్నారు కదా, మీరొచ్చి నాటండి బాబూ. నారు ముదిరిపోతంది” అన్నారు.

తహసీల్దారు సంఘానికి రాశాడు. సంఘం చర్చించి వివరణ పంపింది: ‘వంగి నాటువేయు స్త్రీలు ఆకాశమునకు వీపు చూపుచున్నందున వారిని ఎదురుగా పరిగణింప పనిలేదు. అయితే విమానము పోవువరకు నడుము నొప్పి పేరిట నిటారుగా లేవరాదు.’

ఈ వివరణను రేడియోలో చదివినప్పుడు నూకరత్నం కొట్లో కూర్చుని విన్నది. ఆమెకు నవ్వు రాలేదు. తన మూలాన ముక్కూమొహం తెలియని ఆడవాళ్లందరి నడుములు వంగిపోయాయే అనుకుంది. ఆ సాయంత్రం వెళ్లి, “అయ్యా, నేను మానేత్తాను. నా పేరు కొట్టేసి ఆళ్లని ఒగ్గెయ్యమనండి” అని ఉమామహేశ్వరంతో చెప్పింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మానేస్తే చెక్కకిచ్చిన ఉద్యోగం పోతుంది, నూకరత్నం. చెక్క ఎలాగూ పోయింది. కాస్త ఓపిక పట్టు. అది... అదే, ఆ పేరు చెప్పలేను గానీ, అది కార్తీకంలో తిరుగుతుంది.”

“ఏది తిరుగుద్దండి?”

ఆయన కిటికీ చూపించాడు. బయట తాడికమ్మలు తూర్పుకు ఒరిగి కొట్టుకుంటున్నాయి. ఆమెకేం అర్థం కాలేదు. తాడిచెట్టుకు మొక్కుకోమంటున్నాడేమో అనుకుంది.

కార్తీకం వచ్చింది. తాడికమ్మలు రెండోవైపు ఒరిగాయి. విమానం రాళ్లమిట్టకు ముప్పావుగంటలో చేరింది.

రాష్ట్రమంతా సంబరాలు. దక్షిణామూర్తిగారికి శాలువాలు కప్పారు. మంగాయమ్మను సన్మానించి, వేదిక మీద బుల్లిబిందె చూపించారు. గంగరాజుకు ‘అవిచ్ఛిన్నంగా బతికియున్నందుకు’ దండ వేశారు. అతను దండ చూసి బెదిరిపోయాడు. జనం దండవేస్తే తను పోయినట్టే అనుకున్నాడు. పక్కనున్నవాళ్లు గిల్లి చూపించాల్సి వచ్చింది.

కానీ తిరిగొచ్చే విమానానికి గంట పట్టడం మొదలైంది. రాళ్లమిట్ట సభ్యుడు మళ్లీ లేచాడు. “అధ్యక్షా! వాళ్ల పావుగంటను తీసుకొచ్చి మా నెత్తిన పడేశారు!”

సంఘం మళ్లీ కంకిపూడి వచ్చింది. నూకరత్నాన్ని కొట్లోంచి పిలిపించారు. మొదట అధ్యక్షులు లోపలి గదిలోకి వెళ్లి, ఆమె వచ్చి నిలబడ్డాక, ఆమె తనకు ఎదురు కాకుండా పక్కగుమ్మంలోంచి వచ్చి కూర్చున్నారు.

“సంఘం గాఢంగా పరిశీలించింది” అన్నారు. “నీవు ధావనపథం చివర ఉన్న కాలంలో తిరుగు విమానం ముప్పావుగంటకే వచ్చేది. నిన్ను తొలగించిన పిదప గంటకు వస్తోంది. కావున నీ సముఖమే దాన్ని శీఘ్రంగా రప్పిస్తున్నట్టు తేలుతోంది.”

“అంటే ఏటండి? వచ్చేవోళ్లకి మంచిదాన్నీ, ఎల్లేవోళ్లకి చెడ్డదాన్నా?”

“సంఘం మంచిచెడ్డలు చెప్పదమ్మా. దిశ చెబుతుంది. ఇకమీదట విమానం పోయేటప్పుడు నీవు కొట్లో, వచ్చేటప్పుడు బయట. పోయేవేళ మంగాయమ్మ, వచ్చేవేళ నీవు. అర్థమైందా?”

“అర్థమైందండి. మా ఊళ్లో కూడా అంతే. పురిటికి పిలుత్తారు, పెళ్లికి పిలవరు” అంది నూకరత్నం.

గుమాస్తా ఈ మాట రాయాలా వద్దా అని అధ్యక్షులవంక చూశాడు. వద్దని కళ్లతోనే చెప్పారు.

ఈ గొడవలో పిట్టల సంగతి అందరూ మరిచిపోయారు. పిట్టలు మాత్రం మరిచిపోలేదు. పొద్దున్నపూట కేకవేసేవాళ్లు లేరు. మంగాయమ్మ కేక వేయకూడదు. ముత్తైదువ మంచివేళ అరిస్తే అమంగళం. రేకు మోగించకూడదు, ఆ చప్పుడు చావుడప్పులా ఉంటుంది. ముందు నాలుగు కొంగలు వచ్చి కూర్చున్నాయి. వాటిని చూసి నలభై వచ్చాయి. శీతకాలానికి పైదేశాల నుంచి వచ్చే తెల్లపిట్టలు కూడా, ఇదేదో తమ కోసం వేసిన తిన్నె అనుకుని దిగాయి. రెండు గోరింకలైతే మంగాయమ్మ చేతిలో బుల్లిబిందె అంచున వాలి నీళ్లు తాగి పోయేవి.

ఒకరోజు దక్షిణామూర్తిగారే రాళ్లమిట్టకు బయల్దేరారు. తిరుగు విమానానికి ఇంకా గంటే పడుతోందని అలిగిన అక్కడి సభ్యుణ్ణి శాంతింపజేసి, ఆయన చేత కూడా ఒక శాలువా కప్పించుకోవాలని ప్రయాణం. మంగాయమ్మ ఎదురొచ్చింది. గంగరాజు ఊపిరి పీల్చాడు. విమానం రన్‌వే మీదికి వచ్చి ఆగిపోయింది. ముందంతా తెల్లగా పరుపు పరిచినట్టు కొంగలు. ఒక్కటీ కదలలేదు.

కెప్టెన్ ఫిరోజా పంకాలు ఆపేసింది. మెట్లు దింపించి, ఉమామహేశ్వరాన్ని పిలిచి, “వీటి మీదుగా నేను లేపను. పిట్టలు తోలే ఆవిడ కనపడేదాకా విమానం కదలదు” అని చెప్పింది.

“ఆమె ఈ వేళప్పుడు కనపడకూడదండి” అన్నాడు ఉమామహేశ్వరం.

“అయితే నేనూ కదలకూడదు” అని ఆమె నీళ్లసీసా తీసుకుని కూర్చుంది.

జవాన్లు వెళ్లి చేతిరుమాళ్లు ఊపారు. కొంగలు వాళ్లవంక చూసి మెడలు ముడుచుకున్నాయి. ప్రయాణికులు గొణగసాగారు. వాళ్లలో కోర్టువాయిదా ఉన్న ఒకాయన, “పావుగంట కోసం పూట పోయింది!” అని గట్టిగానే అన్నాడు. చేసేదిలేక దక్షిణామూర్తిగారు మెట్లుదిగి, ఎండలో నడిచి, సామాన్ల కొట్టు ముందు నిలబడి తలుపు తట్టారు.

“నూకరత్నం! బయటికి రా.”

లోపల్నుంచి గొంతు వచ్చింది. “ఎవరండి?”

“నేను. అధ్యక్షుణ్ణి.”

“అయ్య బాబోయ్. మీరు ప్రయాణంలో ఉన్నారు కదండి. ఇప్పుడు తలుపు తీత్తే నేను మీకే ఎదురండి. తియ్యను.”

“ఫరవాలేదు, తియ్యి.”

“ఇయ్యాల ఫరవాలేదంటారు. రేపు రాళ్లమిట్టలో శాలువా జారిపోతే, కారణం దొరికిందని రాత్తారు. లంకలపాడోళ్లని మళ్లీ ఒంగోబెడతారు. నావల్ల కాదండి.”

దక్షిణామూర్తిగారు చెమట తుడుచుకున్నారు. “ఏం చెయ్యమంటావు మరి?”

లోపల నూకరత్నం తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. ఆరేళ్లుగా ఎవరూ తనను అనని మాట ఒకటుంది.

“నన్ను ఎదురు రమ్మనండి” అంది.

“ఏమిటీ?”

“మీరు బయల్దేరారు. నన్ను ఎదురు రమ్మని మీ నోటితో పిలవండి. వత్తాను.”

పెద్దాయన అటూ ఇటూ చూశారు. “ఎదురు... రా” అన్నారు మెల్లిగా.

“అంత చిన్నగా అంటే పిట్టలకే ఇనపడదండి, నాకేం ఇనపడతాది?”

అవతల విమానం కిటికీలన్నిటా మొహాలు. కోర్టువాయిదా ఆయనైతే మెట్ల మీదికే వచ్చి చూస్తున్నాడు. దక్షిణామూర్తిగారు ఉత్తరీయం బిగించి, కళ్లు మూసుకుని, కంచె అవతలి చెరుకుతోట దాకా వినిపించేలా అరిచారు.

“ఎదురు రావమ్మా, నూకరత్నం!”

ఆ కేకకే పది కొంగలు లేచాయి. మిగిలినవాటి కోసం తలుపు తెరుచుకుంది. నూకరత్నం తుండు నెత్తికి చుట్టుకుంటూ బయటికి వచ్చింది. పెద్దాయనకు ఎదురుగా, పక్కకు జరక్కుండా, సూటిగా నడిచింది. ఆయనే జరిగారు. ఆమె రన్‌వే చివర తన చెక్కలో నిలబడి రేకు ఎత్తింది.

“హోయ్! హొహోయ్!”

ఆకాశం ఒక్కసారి తెల్లబడి, మళ్లీ నీలంగా అయింది. విమానం ఆమె మొహం మీదికి వచ్చి, తల మీదుగా లేచిపోయింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. ఆ చెయ్యి కోర్టువాయిదా ఆయనది.

ఆ రోజు ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే విమానం ముప్పావుగంటలో రాళ్లమిట్ట చేరింది. మళ్లీ ఆమె ఎదురుగానే ఉండగా తిరిగి రావడానికి గంట పట్టింది. సంఘం సిద్ధాంతం రెండువైపులా విరిగింది. దక్షిణామూర్తిగారు వాడిపోయిన మొహంతో దిగి, ఉమామహేశ్వరాన్ని పిలిచి, “అసలు కారణం ఏమిటో నిజం రాసివ్వు” అన్నారు.

ఉమామహేశ్వరం మొదట రాసిందే మళ్లీ రాసిచ్చాడు. ‘ఎదురుగాలి వల్ల.’

పెద్దాయన కాగితం అందుకున్నారు. ఎదురు అన్న మాట కంటబడితే ఆయనకు చెవుల్లో తన కేకే వినిపిస్తోంది. ఆ మాట వల్ల సంఘం పరువు పోయింది. ఇక ఏ నివేదికలోనూ అది కనబడటానికి వీల్లేదు. కలం తీసి, ‘ఎదురు’ను అడ్డంగా కొట్టేసి, మిగిలినదాని మీద సంతకం చేసి సభకు పంపేశారు.

‘గాలి వల్ల విమానమునకు ఆలస్యమగుచున్నది.’

సభ్యులు చదివి తలలూపారు. గాలి అంటే తెలియని తెలుగువాడెవడు? గాలి సోకి జ్వరాలు పడినవాళ్లు, గాలి పట్టి మాటపడిపోయినవాళ్లు, తాయెత్తు కట్టుకుంటే తేరుకున్నవాళ్లు ఆ సభలో అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. విమానానికి సోకిన గాలి ఏ చెట్టుమీదిదో తేల్చమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎదురు మండలం రద్దయింది. లంకలపాడులో ఆడవాళ్లు నడుములెత్తారు. గంగరాజు బతికే ఉన్నాడు గానీ బత్తెం ఆగిపోయింది.

తర్వాత వారం పొద్దున్న, విమానం పంకాలు తిరగడం మొదలుపెట్టిన వేళ, ఎర్రబట్టలు కట్టుకుని, మొహాన విభూది పూసుకుని, రెండుచేతులా వేపమండలు పట్టుకున్న మనిషి ఒకడు రన్‌వే మీదికి నడిచివచ్చాడు. మెడలో ప్రభుత్వ గుర్తింపుకార్డు వేలాడుతోంది. ‘మారుత నివారణాధికారి’ అని ఉంది. వాడు విమానానికి ఎదురుగా నిలబడి మండలు ఎత్తాడు.

గడ్డిలోంచి నూకరత్నం వాడివంక కాసేపు చూసింది. తర్వాత రేకు మీద గట్టిగా ఒక్కటేసింది.

“ఓయ్ బాబూ! పక్కకి జరుగు. విమానం బయల్దేరతంది. ఎదురు నేనుండాలి.”

ఉప్పలపాక సీతాయమ్మ,
వయసు అరవై నాలుగు,
ప్రస్తుతం ఉంటున్నది తుని దగ్గర తేటగుంటలో.